అమాదీసు కథ – దానిని వలచిన పాఠకులు

గ్రంథములలో కొన్నింటిని లోకము గౌరవించును, కొన్నింటిని ప్రేమించును. గౌరవింపబడునవి బీరువాలో నుండును. ప్రేమింపబడునవి తలగడక్రింద నుండును. మొదటివానికి పండితులు వ్యాఖ్యానములు వ్రాయుదురు. రెండవవానిని గూర్చి పెద్దలు చింతింతురు. యుద్ధము, మాయ, ప్రణయము కలగలసిన కథను చేతబట్టిన బాలిక పిలిచినను పలుకదు; పొయ్యిమీది పాలు పొంగినను లేవదు. ఆమె యెచ్చటనో సముద్రముల కావల ఒక వీరుని వెంట నున్నది. అంతట ఇంటిపెద్దకు భయము కలుగును. ఇట్టి పుస్తకములు మన గడప దాటి లోనికి రాగూడదని ఆజ్ఞ వెడలును.

ఈ భయము నేడు పుట్టినది కాదు. మన దేశమునకు మాత్రమే చెందినదియు గాదు. ఇప్పటికి 500 ఏండ్లక్రిందట స్పెయిను దేశమున ఒక వీరకథ అచ్చయి, రాజాస్థానము మొదలుకొని పూటకూళ్ళయింటివరకు జనులనెల్లర వశపరచుకొనెను. దానిని సైనికులు చదివిరి, కన్యలు చదివిరి, పిమ్మట మహాత్ములని పేరొందినవారును చదివిరి. దానిని ఖండించుచు పండితులు వ్రాసిరి. ప్రజాప్రతినిధులు మహజరు పంపిరి. రాణి నిషేధపు టుత్తరువు చేసెను. ఆ గ్రంథము పేరు అమాదీస్ దె గౌల. దాని చరిత్రను పరిశీలించిన యెడల, మన యిండ్లలో తరచు తలయెత్తు ఒక ప్రశ్నకు కొంత సమాధానము దొరకునని మాకు తోచుచున్నది. కల్పితకథను గాఢముగ వలచుటవలన కీడు కలుగునా? కలిగినచో, అది ఎవరివలన, ఎవరికి కలుగును?

కథ మిక్కిలి పురాతనమైనది. 14వ శతాబ్దిలో నుండిన పేరో లోపెస్ దె అయాలా అను రాజనీతిజ్ఞుడు, అమాదీసు మొదలగు కట్టుకథలు వినుచు తాను కాలము వ్యర్థపుచ్చితినని తన పద్యకృతిలో వగచెను. ఈ కథను ప్రేమించుటయు, ప్రేమించినందుకు నొచ్చుకొనుటయు అంతటి ప్రాతవన్నమాట. మెదీనా దెల్ కాంపో పట్టణమున పౌరసభాసభ్యుడుగ నుండిన గార్సీ రోద్రీగెస్ దె మొంతాల్వో అను నతడు ఆ ప్రాతకథను మూడు భాగములుగ సంస్కరించి, నాలుగవ భాగమును జోడించెను. నేడు దొరకు ముద్రణములలో మొదటిది 1508లో సరగోసా నగరమున వెలువడినది. పిమ్మట అతడే అమాదీసు కుమారుడగు ఎస్ప్లాందియాను కథను అయిదవ భాగముగ వ్రాసెను. దానికి దొరకు మొదటి ముద్రణము 1510 నాటిది.

మొంతాల్వో జీవించినది యుద్ధకాలము. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపిలును జయింపగా క్రైస్తవలోకమంతయు దిగులుపడెను. 1492లో స్పెయిను రాజదంపతులు గ్రనాడాను వశపరచుకొని, ముస్లిము రాజ్యమును ఆ దేశమున తుదముట్టించిరి. ఆ యేడే కొలంబసు పడమటి సముద్రమున బయలువెడలెను. గ్రనాడా విజయమును మొంతాల్వో తన పీఠికలోనే ప్రశంసించెను. అతని పాఠకులలో తండ్రినో అన్ననో యుద్ధమునకు పంపని కుటుంబములు అరుదు. కావున ఆ కథను చదువువారికి యుద్ధము వినోదవస్తువు మాత్రమే కాదు, ఇంటి విషయము కూడ.

కథాసంగ్రహ మిది. పెరియోను రాజునకును ఎలిసేన అను రాజపుత్రికకును రహస్యముగ కలిగిన శిశువును, లోకాపవాదభీతిచే, ఒక ఖడ్గముతోను ఉంగరముతోను పెట్టెలోనుంచి నీటిలో విడిచిరి. మన కుంతీదేవియు కర్ణుడును ఇచ్చట ఎల్లరకు జ్ఞప్తికి వత్తురు. ఆ శిశువును సముద్రమున కనుగొని ఒక వీరుడు పెంచెను. అతడే అమాదీసు. బాల్యముననే అతనికి బ్రిటను దేశాధిపతి లిసుఆర్తె కుమార్తెయగు ఓరియానాపై అనురాగ మంకురించెను. ఉర్గాందా అను మాయావిని అతనికి తోడ్పడును. అర్కలాఉస్ అను మాంత్రికుడు అతనికి పగతుడు. ఓరియానా పొరపాటున అనుమానించి నిష్ఠురముగ లేఖ పంపగా, అతడు ఆయుధముల విడిచి, పేరు మార్చుకొని, ఒక ఋషితుల్యుని చెంత కొండపై తపస్సు చేసెను. నిశ్చలప్రేమ గలవారికి మాత్రమే దారి యిచ్చు మాయాతోరణమును దాటెను. పెక్కు జంతువుల యవయవములతో పుట్టిన ఘోరరాక్షసమును చంపెను. తుదకు లిసుఆర్తె రాజు, కుమార్తె యొల్లకున్నను, తన సామంతులు వలదన్నను, ఆమెను రోము చక్రవర్తికి బలవంతముగ పంపగా, అమాదీసు నడిసముద్రమున ఆ నావల నడ్డగించి ఆమెను విడిపించెను. అందుమీద మామకును అల్లునకును ఘోరయుద్ధము జరిగెను. ఒక వృద్ధతాపసుడు నడుమ నిలిచి సంధి కూర్చెను.

ఇట్టి కథ జనుల నేల లోగొనెనో ఊహించుట కష్టము కాదు. నిజమగు యుద్ధములో బలవంతుడు దోచును. ఈ కథలోని యుద్ధములో బలవంతుడు అబలకు అడ్డము నిలుచును. నిజమగు లోకమున కన్యను తండ్రి తనకు లాభమైన చోట నిచ్చును. ఈ కథలో అట్టి దానమును ధిక్కరించుటయే వీరధర్మము. నిజముగ కాన్‌స్టాంటినోపిలు పోయెను. ఎస్ప్లాందియాను కథలో ఆ నగరము నిలిచెను. చరిత్రలో నోడినదానిని కథలో గెలుచుకొనుట యుద్ధకాలమునందలి జనులకు గొప్ప యూరట. ఆ ముట్టడిలోనే కలాఫియా అను నల్లని రాణి, బంగారు ఆయుధములు ధరించిన స్త్రీసైన్యముతో, మనుష్యులను తిను పక్షిసింహములతో శత్రుపక్షమున వచ్చి పోరును. ఆమె యేలు దీవి ఇండీసులకు కుడిప్రక్కన, భూలోకస్వర్గమునకు చేరువను గలదనియు, అచ్చట బంగారము తప్ప వేఱులోహము లేదనియు మొంతాల్వో వర్ణించెను. ఆ దీవి పేరు కాలిఫోర్నియా.

పుస్తకము ఖరీదైనదైనను, కథ ధనవంతుల సొత్తుగ నుండలేదు. 1605లో వెలువడిన డాన్ క్విక్సోట్‌లో సెర్వాంటెస్ ఒక పూటకూళ్ళయింటిని వర్ణించెను. కోతలకాలమున పండుగనాడు పనివారు అచ్చట చేరుదురు. వారిలో చదువ నేర్చినవాడొకడు వీరకథను చదువును. ముప్పదిమందికి పైగా చుట్టును గూర్చుండి విందురు. ఇంటియజమానికి కత్తివ్రేటు లిష్టము. అతని కూతురికి నాయకుల విరహవిలాపము లిష్టము. అవి విని ఆమె కన్నీరు పెట్టుకొనును. యజమాని భార్య చెప్పిన మాట మఱియు గమనింపదగినది. మగడు కథ వినుచున్నంతసేపే తన యింట సుఖముండుననియు, అప్పుడతడు తిట్టుట మఱచిపోవుననియు ఆమె యనెను. ఒక్క పుస్తకమును ఒక్క కప్పుక్రింద విన్నవారు తలకొక పుస్తకమును వినిరి. గ్రంథమొక్కటియే యైనను, దానినుండి ఎవరి కొఱతకు తగిన వస్తువును వారు తీసికొనిరి.

ఇక కల్పితగృహములను విడిచి, నిజమగు నొక యింటికి పోవుదము. ఆవిలా పట్టణమున 1515లో తెరేసా జన్మించెను. ఆమె తల్లి బెయాత్రీస్‌కు వీరకథలపై మిక్కిలి ప్రీతి. తండ్రికి అవి గిట్టవు. అందుచే ఆయన కంటబడకుండ జాగ్రత్తపడుచు తల్లియు బిడ్డలును చదివెడివారు. తెరేసా తన ఆత్మచరిత్రములో ఈ సంగతి దాచక వ్రాసెను. తనకు పగలును రాత్రియు అదే పనియనియు, క్రొత్త పుస్తకము చేత లేనిదే తృప్తి యుండెడిది కాదనియు చెప్పెను. ఆ యలవాటును ఆమె దోషముగనే యెంచెను. అయినను తల్లిని గూర్చి ఆమె వ్రాసిన మాట కరుణాభరితము: తన గొప్ప కష్టములను మఱచుటకును, బిడ్డలు వేఱుదారుల పోకుండుటకును తల్లి వానిని చదివియుండవచ్చునట. ఆ తల్లి బాల్యముననే వివాహితయై, పెక్కుమంది బిడ్డలను గని, రోగములచే నలిగి, 33 ఏండ్లకే మరణించెను.

పుస్తకమును చూచి కోపగించుకొన్న తండ్రి, ఆ పుస్తకమువైపు భార్యను నెట్టిన కష్టమును చూచెనా? ఈ ప్రశ్న మాది, తెరేసా వేయలేదు. కాని ఆమె వ్రాతను చదువు గృహస్థుడెవ్వడును ఈ ప్రశ్న నెదుర్కొనక తప్పదు. చీకటిగదిలో నున్నవారు కిటికీ తెరచిన, కిటికీని నిందించుట న్యాయము కాదు.

ఆ తెరేసాయే పిమ్మట సన్న్యాసినియై, 1562లో తన మొదటి సంస్కృతమఠమును స్థాపించి, ఎండలో వానలో బండ్లపై దేశమంతయు తిరిగి, తన జీవితకాలమున పదునేడు మఠములను నెలకొల్పెను. 1577లో ఆమె వ్రాసిన ప్రసిద్ధగ్రంథమున ఆత్మను ఏడు నివాసములు గల కోటగను, నడిమి గదిలో రాజు వసించునట్లును భావించెను. బాల్యమున చదివిన కథలలోని కోటలు ఇచ్చట వేఱురూపమున మరల కనబడుచున్నవని కొందఱు విమర్శకు లెంచిరి. 1970లో రోమను కథోలిక మతపీఠము ఆమెకు ఆచార్యబిరుదము నొసగెను. స్త్రీలలో ఆ బిరుదము నందినవారిలో ఆమెయే మొదటిది. ఆ యింటి మగబిడ్డలలో పలువురు మాత్రము ఆయుధములు ధరించి ఇండీసులకు పోయిరి. ఆంటోనియో అను సోదరుడు 1546లో ఇనాకీటో యుద్ధమున గాయపడి మరణించెను.

రెండవ పాఠకుడు లొయోలా ఇగ్నేషియసు. అతడు యోధుడు. 1521 మే 20వ తేదీన పాంప్లోనా కోటలో ఫిరంగిగుండు తగిలి కాలు విఱిగి, ఇంట మంచముపై పడియుండెను. కాలము గడుపుటకు వీరకథలు తెమ్మనెను. ఆ యింట నవి లేవు. క్రీస్తు చరిత్రమును, మహాత్ముల చరిత్రములను తెచ్చి యిచ్చిరి. అతడు కొంతసేపు వానిని చదువును. కొంతసేపు ఒక గొప్పయింటి స్త్రీ నిమిత్తము తాను చేయబోవు సాహసములను ఊహించుచుండును. అట్లుండగా నతని కొక భేదము కనబడెను. రెండు తలపులును వచ్చునపుడు తీయగనే యుండును. కాని ఒకటి పోయిన పిమ్మట మనస్సు ఎండిపోయినట్లుండును, మఱియొకటి పోయిన పిమ్మటను తృప్తి నిలుచును. పిమ్మట అతడు బోధించిన చిత్తపరిశోధనమునకు ఈ చిన్న పరిశీలనమే బీజము.

అయినను అమాదీసు అతనిని విడువలేదు. 1522 మార్చిలో మోన్సెరాత్ పర్వతమందలి దేవాలయమున, వీరులు దీక్ష గైకొనునపుడు చేయు విధముననే రాత్రియంతయు జాగరణము చేసి, కత్తిని మొలవాకును అచ్చట సమర్పించెను. అమాదీసు మొదలగు గ్రంథములచే తన మనస్సు నిండియుండుటవలననే అట్టి తలపు పుట్టెనని పిమ్మట తన వృత్తాంతమును చెప్పునపుడు అతడే యొప్పుకొనెను. కథలో నేర్చిన దీక్షావిధిని అతడు నిలుపుకొనెను. కథలోని కత్తిని దించెను. అతడు స్థాపించిన యేసుసభకు 1540లో పోపు అంగీకారము లభించెను.

మూడవ పాఠకుల గుంపు సముద్రము దాటినది. 1519 నవంబరులో హెర్నాన్ కొర్తేసు సేన, సరస్సు నడుమ వెలసిన తెనొచ్తిత్లాన్ నగరమును సమీపించెను. నీటిమీద కట్టిన రాజమార్గము, నీటినుండి లేచిన గోపురములు, ఆలయములు, తోటలు చూచి ఆ సైనికులు నివ్వెఱపోయిరి. ఆ సేనలోని బెర్నాల్ దీయాస్ ముసలితనమున గ్వాతెమాలాలో కూర్చుండి తన చరిత్రను వ్రాసెను. ఆ దృశ్యము అమాదీసు గ్రంథమందలి మాయలను పోలియుండెనని తాము చెప్పుకొంటిమనియు, ఇది కలయా యని కొందఱు సైనికు లడిగిరనియు అందు కలదు. ఆ వెంటనే, ఆ రోజున తాము చూచినదంతయు ఇప్పుడు కూలిపోయెననియు, ఏమియు నిలిచియుండలేదనియు అతడు వ్రాసెను. నగరము 1521 ఆగస్టు 13వ తేదీన పడిపోయెను. ముట్టడిని అతడు 93 దినములుగ లెక్కించెను. ఆకలి, మశూచికము, కత్తి మూడును కలిసి ఆ నగరప్రజలను తుడిచివేసెను. ప్రతిదినపు పోరును వర్ణించినచో తన గ్రంథము అమాదీసు కథవలె నగునని సంకోచించి, కొన్నింటిని విడిచితినని ఆ వృద్ధసైనికుడు చెప్పెను.

ఈ పుటలు చదువునపుడు మా మనస్సు మిక్కిలి కలతపడును. ఆ సైనికులకు సౌందర్యదృష్టి లేకపోలేదు. ఆ నగరమును చూచి వారి గుండెలు ఝల్లుమన్నవి. తమకు తెలిసిన యత్యంతసుందరవస్తువుతో దానిని పోల్చుకొనిరి. అయినను రెండేండ్లు తిరుగకుండ దానిని నేలమట్టము చేసిరి. కథలో అమాదీసు దీనులకు అడ్డము నిలిచెను; అతనిని వలచినవారు దీనులపై బడిరి. పరదేశపు మాయానగరమును దర్శించు భాగ్యము తమదని యెంచుకొనిరే గాని, ఆ నగరమున నివసించువారు తమవంటి గృహస్థులని వారికి తట్టలేదు. ఆ పుస్తకమునుండి వారు తీసికొనినది ఆశ్చర్యము, విడిచిపెట్టినది ధర్మము. తమను వీరులుగను, ఎదుటివారిని కథలోని మాయగను భావించు పాఠకునికి ఎంతటి క్రౌర్యమైనను సాహసముగనే కనబడును. పడమటి తీరమున కనుగొన్న యెండుభూమికి 1540 ప్రాంతముల నావికులు కాలిఫోర్నియా యని మొంతాల్వో దీవి పేరు పెట్టిరి. ఆ పేరు ఏ పుస్తకములోనిదో లోకము మఱచెను. 1862లో ఎడ్వర్డ్ ఎవరెట్ హేల్ అను అమెరికా పండితుడు దానిని గుర్తించి చెప్పెను.

ఇట్లుండగా, నీతిరక్షకుల దృష్టి యెచ్చట నుండెనో చూడుడు. 1524లో అచ్చయిన తన స్త్రీవిద్యాగ్రంథమున హువాన్ లూయిస్ వివెస్ అను మహాపండితుడు అమాదీసు, ఎస్ప్లాందియాను మొదలగు పుస్తకములను పేరుపేరున ఖండించి, వానిని స్త్రీల చేతికి రానీయరాదనెను. 1555లో వల్యదోలీదున సమావేశమైన ప్రజాప్రతినిధిసభ ఇట్టి గ్రంథములను నిషేధించి కాల్చివేయవలెనని మహజరు వ్రాసెను. తల్లి కూతురును ఇంటిలో బంధించి, సురక్షితముగ నున్నదని యెంచి పోవుననియు, ఆ కూతురు ఈ పుస్తకములు చదువుచు కూర్చుండుననియు, అంతకంటె తనతో తీసికొనిపోవుటయే మేలనియు అందు కలదు. గదిలో బంధించుటను గూర్చి ఆ సభకు విచారము లేదు. గదిలోనికి పుస్తకము వచ్చుటయే విచారము.

రాణి పేర 1531 ఏప్రిలు 4వ తేదీన వెలువడిన ఉత్తరువు మఱియు విచిత్రమైనది. అమాదీసువంటి వట్టి కథలను ఇండీసులకు పంపనీయరాదని సెవిలు నగరమందలి అధికారుల కది యాజ్ఞాపించెను. చదువ నేర్చుకొను అచ్చటి ప్రజలు ఈ కథలకు మరగి సద్గ్రంథములను విడుతురనియు, ఇవి కల్పితములని తెలిసిన పిమ్మట వేదగ్రంథమును కూడ సంశయింతురనియు తరువాతి యుత్తరువులు కారణము చెప్పెను. 1536లోను 1543లోను ఆజ్ఞను మరల జారీచేయవలసివచ్చుటయే అది అమలుకాలేదనుటకు సాక్ష్యము. ఓడల పట్టీలను శోధించి ఇర్వింగ్ లెనర్డు 1949లో వెలువరించిన గ్రంథము, ఆ కథలు పెట్టెలకొలది సముద్రము దాటుచునే యుండెనని నిరూపించినది.

మెక్సికో ప్రజలను అమాదీసు పుస్తకమునుండి కాపాడుటకు ప్రభుత్వము మూడు మాఱులు ఉత్తరువు చేసెను. అమాదీసును మనస్సున నిడుకొని కత్తిపట్టి వచ్చినవారినుండి ఆ ప్రజలను కాపాడుటకు అట్టి శ్రద్ధ యేది? గదిలోని కన్య చదివినందువలన ఎవని యిల్లును కూలలేదు. ఆయుధపాణులు చదివినందుకు వారిని ఎవ్వరును పరీక్షింపలేదు. నిషేధములు సాధారణముగ ఇట్లే నడచును: ఎవరివలన భయము లేదో వారిమీదనే అవి సులువుగ పడును.

నిషేధించువారి వివేకము ఎట్టిదో 1559లో మఱియొకసారి తేలెను. ఆ యేడు స్పెయిను మతవిచారణాధికారి నిషిద్ధగ్రంథముల పట్టికను ప్రకటించెను. అమాదీసు అందు లేదు. దేశభాషలో వ్రాసిన భక్తిగ్రంథములు, ప్రార్థనగ్రంథములు పెక్కు లందు చేరెను. లాటిను రాని స్త్రీల కవియే యాధారము. వీరకథలను ఎన్నడో విడిచిన తెరేసా, తాను ప్రేమించిన భక్తిగ్రంథములను కోల్పోయి మిక్కిలి దుఃఖించెను. పుస్తకములను ఇంటినుండి తఱుముటకు అలవడిన చేయి తుదకు దేనిని తఱుమునో ముందుగ చెప్పజాలము.

అట్లని ఈ కథలను విమర్శింపరాదని మా యభిప్రాయము కాదు. తగిన విమర్శ వానిని చదివి వలచినవారివలననే వచ్చెను. ఫ్రాన్సు దేశపు అంతర్యుద్ధములలో ఎడమచేయి కోల్పోయి ఇనుపచేయి తగిలించుకొన్న లా నూ అను సేనాని, చెరలోనుండి వ్రాసి 1587లో వెలువరించిన గ్రంథమున అమాదీసును గట్టిగ ఖండించెను. జీవితమంతయు ఆ పుస్తకములు చదివినను ఎవడును మంచి సైనికుడు కాజాలడని అతని మాట. కథలోని యుద్ధమున దెబ్బలు మాయచే మానును; అతని చేయి మరల మొలవలేదు. లెపాంటో యుద్ధమున 1571లో ఎడమచేతి చలనమును పోగొట్టుకొని, 1575 మొదలు 1580 వఱకు అల్జీర్సున బందీగనుండిన సెర్వాంటెస్, ఆ కథల వెఱ్ఱిలో మునిగిన వృద్ధుని చరిత్రను వ్రాసి లోకమును నవ్వించెను. అయినను వీరకథలను అగ్నికి వేయు ఘట్టమున అమాదీసును మాత్రము తన జాతిలో నుత్తమమైనదని కాపాడించెను. నిజమగు యుద్ధమును చూచిన యీ యిద్దఱును కోరినది ఒక్కటే: కథను కథగ ఎఱుగుడని. ఈ యెఱుక నిషేధమువలన రాదు. నవ్వుచు, వాదించుచు, కలసి చదువుటవలన వచ్చును.

కలసి చదివిన తల్లి కూతుళ్ళ కథతో ఈ చరిత్రను ముగింతుము. ప్రజాప్రతినిధులు మహజరు వ్రాసిన ఆ వల్యదోలీదు నగరముననే, అంతకు పదియేండ్లముందు, 1545లో, క్రిస్తలియాను అను వీరుని కథ యొకటి వెలువడెను. గ్రంథకర్త పేరు దానిపై లేదు. ఆ నగరపు స్త్రీ యొకతె రచించెనని మాత్రము కలదు. ఆమె బెయాత్రీస్ బెర్నాల్. 1587లో ఆ గ్రంథము తల్లి పేరుతో మరల అచ్చయినది కుమార్తె హువానా పూనికవలన. గదిలో వీరకథ చదువుచు కూర్చున్న కూతురు చెడిపోవునని సభ వగచుచుండగా, ఒక తల్లి వీరకథ వ్రాసెను. ఆమె కూతురు దానిని కాపాడెను. స్పెయిను భాషలో వీరకథ రచించిన స్త్రీగ నేడామె పేరు చరిత్రలో నిలిచినది.

మన దేశమున వీరేశలింగము పంతులుగారు స్త్రీలకొరకు సతీహితబోధినిని నడపిరి; 1878లో తమ వివేకవర్ధనియందు రాజశేఖరచరిత్రమును ప్రకటించుటకు మొదలిడిరి. సంస్కారమును బోధింపదలచిన ఆయన, ఉపన్యాసముతో సరిపెట్టుకొనక కథను కూడ చేపట్టెను. కథయనిన జనులకుగల ప్రేమను ఆయన శత్రువుగ నెంచలేదు. కాశీమజిలీ కథలు వినుచు నిద్రపోయిన మన పిల్లలు మాంత్రికులు కాలేదు. మాయతివాసి యెక్కి పాఱిపోలేదు. రాజకుమారుడు రాక్షసుని చంపినపుడు వారు సంతోషించిరి. రాక్షసుడెవడో, చంపదగినవాడెట్లయ్యెనో అడుగుట మాత్రము పెద్దలు వారికి నేర్పవలసిన పని.

కావున ఇంటిపెద్దలకు మా విన్నపమిది. బాలిక చేతిలోని పుస్తకమును లాగికొనకుడు. దాని పేరేమో అడుగుడు. వీలైన మీరును చదువుడు. కథలోని వీరుని ఆమె ఏల మెచ్చెనో, అతని కత్తికి లోనైనవారి యిండ్లలో ఆ రాత్రి దీపము వెలిగెనో లేదో, ఆమెతో మాటలాడుడు. ఆమె దుఃఖమును మఱచుటకు చదువుచున్నచో, ఆ దుఃఖమేమో విచారింపుడు. ఇగ్నేషియసు మంచముపై నేర్చుకొన్న పరీక్ష ఏ యింటనైనను పనికివచ్చును: పుస్తకము మూసిన పిమ్మట మనస్సున ఏమి మిగిలినది? ఎదుటివానియెడ దయ మిగిలినచో, అది మాయలు మంత్రములు నిండిన కథయైనను మేలుచేసినదే. తానొక్కడే వీరుడను గర్వము మిగిలినచో, అది యెంత పవిత్రగ్రంథమైనను ఆ పాఠకునికి మరల చదువ నేర్పవలెను. ఈ పరీక్షను కూతురికి పెట్టుటకు ముందు, కొడుకునకు పెట్టుడు. కొడుకునకు పెట్టుటకు ముందు మనము చేసికొందము.